పాత పెట్టెలోంచి కొత్త పెట్టెలోకి

రాజమండ్రి,
ఆదివారం సాయంత్రం

ఒరేయ్,

నీ మెసేజ్ చూశాను. కొత్త కంప్యూటర్ కొన్నావు, సంతోషం. పాతదాంట్లో ఉన్న ఫొటోలూ పాటలూ వీడియోలూ ఇందులోకి ఎలా మార్చాలో రెండు ముక్కల్లో చెప్పమన్నావు. రెండు ముక్కలంటే కాపీ, పేస్ట్. అంతమాత్రానికి నేనెందుకురా? మా ఇంట్లోనూ ఈమధ్యే ఆ తతంగం అయింది కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను. మా చెల్లెమ్మకి కూడా చదివి వినిపించు, చివరికి ఆ పని ఆవిడ మీదే పడుతుందని నాకు తెలుసు.

మా పాత డెస్క్‌టాప్‌కి నిజానికి ఏ రోగమూ లేదు. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. పోనీ 11 ఎక్కిద్దామంటే ప్రాసెసర్ పాతదని ఒప్పుకోదు. నిక్షేపంగా తిరుగుతున్న పెట్టెని అలా పక్కన పెట్టించడం నాకైతే నచ్చలేదు. అప్‌డేట్లు ఆగితే భద్రత తగ్గుతుంది, బ్యాంకు పనులు కూడా అందులోనే చేస్తాం కదా, తప్పలేదు.

ముందుగా ఒక్క మాట గట్టిగా పట్టుకో. మార్చేటప్పుడు సర్దకు. మా చిన్నాడు "నాన్నా, డూప్లికేట్లు తీసేసి, సంవత్సరాల వారీగా ఫోల్డర్లు చేసి, అప్పుడు కాపీ చేద్దాం" అని ఉత్సాహపడ్డాడు. కుదరదన్నాను. ఇల్లు ఖాళీ చేసేరోజు పాత ఉత్తరాల కట్ట విప్పుకుని కూర్చుంటే లారీ కదలదు. పైగా ఆ హడావిడిలో డూప్లికేట్ అనుకుని తీసేసింది అసలుదై ఉంటుంది. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో, కెమెరాలో తీసిన ఫొటో చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. వాట్సాప్‌ది కుదించిన కాపీ, తీసిన తారీఖు వివరం కూడా అందులోంచి ఊడిపోయి ఉంటుంది. ఏది ఉంచాలో తెలియాలంటే తీరిక కావాలి. ఉన్నది ఉన్నట్టు, "న్యూ ఫోల్డర్ 2" పేర్లతో సహా ముందు అటు చేరనీ. సర్దుడు తర్వాత.

అన్నీ పిక్చర్స్ ఫోల్డర్లోనే ఉన్నాయనుకోకు. డెస్క్‌టాప్ మీద, డౌన్‌లోడ్స్‌లో, డీ డ్రైవ్ మూలల్లో, పిల్లల లాగిన్‌లో కూడా ఉంటాయి. నువ్వు ఫొటోలు సర్దుకోడానికి పికాసా అనే సాఫ్ట్‌వేర్ వాడేవాడివి కదా? గూగుల్ దాన్ని 2016లో ఆపేసింది గానీ, అప్పట్లో నువ్వు ఓపిగ్గా మొహాలకి పేర్లు పెట్టుకున్న వివరాలు ఫోల్డర్లలో దాక్కున్న చిన్న చిన్న ఫైళ్ళలో ఉంటాయి. అందుకే ఫొటోలు మాత్రం ఏరి పట్టుకెళ్ళకు, ఫోల్డర్‌కి ఫోల్డర్ ఎత్తెయ్. ఎత్తేముందు ఒక్కో పెద్ద ఫోల్డర్ మీద రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లో ఎన్ని ఫైళ్ళు, ఎన్ని బైట్లు అన్నది కాగితం మీద రాసుకో. ఆ కాగితంతో తర్వాత పనుంది.

ఇక ఎలా పంపాలి అన్నది. మా సరుకు దాదాపు 600 జీబీ. పెన్‌డ్రైవ్‌తో అటూ ఇటూ తిరగడం నాకు చిరాకు. పైగా చాలా పెన్‌డ్రైవ్‌లు ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటాయి, అది 4 జీబీకి మించిన ఒక్క ఫైలుని కూడా పట్టదు. పెద్ద వీడియో వెయ్యబోతే చోటు బోలెడున్నా పట్టదంటుంది. నీకు అదే గతి అయితే లోపల ఉన్నవి తీసేసుకుని ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసుకో. పాత యూఎస్‌బీ 2.0 పోర్టులో సెకనుకి 30, 35 ఎంబీ వస్తే గొప్ప, అంటే 600 జీబీకి అయిదు గంటలు. నీలం రంగు పోర్టు ఉంటే అది సాధారణంగా 3.0, అందులో పెట్టు.

నేనైతే రెండు కంప్యూటర్లనీ రౌటర్‌కి కేబుల్‌తో కలిపాను. వైఫై మీద ఇంత బరువు వెయ్యకు. గిగాబిట్ రకం కనెక్షన్ అయితే సెకనుకి 110 ఎంబీ దాకా వస్తుంది, పాత హార్డ్‌డిస్క్ అంత చదవగలిగితే. మొదలుపెట్టి చూస్తే 11 దాటట్లేదు! ఆ లెక్కన పదిహేను గంటలు. కేబుల్ చివర ఆ ప్లాస్టిక్ మొన ఉంటుంది చూడు, దాన్ని వెలుతురుకి పెట్టి చూస్తే సంగతి తెలిసింది. ఎనిమిది తీగలుండాల్సిన చోట నాలుగే బిగించి ఉన్నాయి. నెట్ పెట్టడానికొచ్చిన కుర్రాడు మిగతా నాలుగూ కత్తిరించేశాడు. నాలుగు తీగల మీద 100 ఎంబీపీఎస్సే, అంటే సెకనుకి వంద మెగాబిట్లే (ఇంచుమించు ఆ 11 ఎంబీయే) నడుస్తుంది, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. బజార్లో రెడీమేడ్ కేబుల్ తెచ్చి పెట్టాక ఊపందుకుంది. నువ్వు కూడా ముందు ఆ మొన చూసుకో. ఇంకోటి, మీ పాతదానికి పాస్‌వర్డ్ లేదనుకుంటా. లేకపోతే నెట్‌వర్క్ మీంచి విండోస్ లోపలికి రానివ్వదు. ఈ పని అయ్యేదాకా ఏదో ఒకటి పెట్టు. రెండిటికీ స్లీప్ ఆపెయ్, లేకపోతే అర్ధరాత్రి రెండూ హాయిగా నిద్రపోతాయి.

మామూలు కాపీ పేస్ట్ చిన్నవాటికి చాలు. పెద్దవాటికి రోబోకాపీ అని ఒక కమాండ్ ఉంది, విస్టా రోజుల నుంచీ విండోస్‌లోనే ఉంది. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ అదే కమాండ్ కొడితే చాలు, అయినవాటిని వదిలేసి మిగతావి అందుకుంటుంది. తారీఖులు కూడా చెదరవు. మామూలుగా పేస్ట్ చేస్తే ఫైలు "పుట్టిన తేదీ" ఇవాళ్టిది అయిపోతుంది. కెమెరా ఫొటోలకి ఫరవాలేదు, తీసిన రోజు లోపలే రాసి ఉంటుంది. స్కాన్ చేసిన పాత ఫొటోలకి ఆ సదుపాయం లేదు. ఒక తమాషా చెప్పనా? చదవలేని ఫైలు తగిలితే ఈ రోబోకాపీ, మనం ఏమీ చెప్పకపోతే, 30 సెకన్లకోసారి చొప్పున పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. లెక్కేస్తే ఏడాదికి కొంచెం తక్కువ! ఎవడు రాశాడో గానీ మా మాస్టారి ఓపిక. అందుకని ఒక్కసారి చూసి వదిలెయ్ అని ముందే చెప్పాలి. మొత్తం కమాండ్ విడిగా పంపిస్తాను, నువ్వు సొంతంగా మిర్రర్ అనే ముక్క మాత్రం తగిలించకు. అది పాతదాంట్లో లేనివన్నీ కొత్తదాంట్లోంచి చెరిపేస్తుంది.

అక్క పెళ్ళి డీవీడీ కాపీ కూడా దొరికిందిరా. అందులో వీడియో ఒక్క ఫైలుగా ఉండదు, ఒక జీబీ దగ్గర కోసిన ముక్కలుగా ఉంటుంది. పక్కన బుల్లి బుల్లి ఫైళ్ళుంటాయి, చెత్త అనుకుని వదిలెయ్యకు, ఏ ముక్క తర్వాత ఏ ముక్క అన్న లెక్క వాటిలోనే ఉంది. మూడో పంక్తిలో పులిహోర బకెట్టు పట్టుకుని నువ్వు, లైటు నీ మీద పడగానే వడ్డన ఆపేసి జుట్టు సవరించుకుంటున్నావు. వెనకాల మా బాబాయి విస్తరి ముందు చెయ్యి చాపి అలాగే కూర్చున్నాడు. మా పిల్లలు దాన్ని వెనక్కి తిప్పి తిప్పి చూశారు.

నాయనమ్మ గొంతు ఉన్న ఫైలు కూడా ఆ పాత కంప్యూటర్లోనే దొరికింది. పాత నోకియాలో రికార్డ్ చేసింది, ఏఎంఆర్ రకం. కొత్త కంప్యూటర్ దాన్ని తెరవలేనంది, వీఎల్‌సీ అనే ప్లేయర్‌లో పాడింది. ఆవకాయకి కారం ఎంత, ఆవపిండి ఎంత అని చెబుతూ చెబుతూ మధ్యలో "ఆ కుక్కర్ ఆపండర్రా" అని ఒక్క కేక. మా ఆవిడ నిజంగానే వంటింటి వైపు లేచింది. ఎంపీ3గా కూడా మార్చి పెట్టాను గానీ అసలుదాన్ని తీసెయ్యలేదు.

అంతా అయ్యాక ఆ కాగితం తియ్యి. ఫైళ్ళ సంఖ్య, బైట్లు రెండువైపులా సరిపోవాలి. సరిపోయినా, ఒక్కో ఫోల్డర్లో రెండు మూడు వీడియోలు చివరిదాకా జరిపి చూడు. పాతదాన్ని ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేస్తానన్నావట. డిస్క్ విప్పి తీసుకుని ఇయ్యి. క్విక్ ఫార్మాట్ కొడితే లోపలివి పోవు, ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక మాత్రం చెరుగుతుంది. తెలిసినవాడు తవ్వి తీస్తాడు. ఆ డిస్క్ నీ బీరువాలో రెండో కాపీగా పడి ఉంటుంది. అదిప్పటికే టకటకమని చప్పుడు చేస్తుంటే మాత్రం ఈ ఉత్తరం పక్కన పడేసి, ఫోల్డర్ల వరసా గిరసా చూడకుండా నీకు ప్రాణమైనవి ముందు కాపీ చేసుకో.

అన్నట్టు, కాలేజీలో ఉండగా అరకు వెళ్ళినప్పటి ఫొటోల స్కాన్లు నీ దగ్గరే ఉండాలి. దొరికితే పంపించు. వాట్సాప్‌లో అయితే ఫొటోగా కాదు, డాక్యుమెంట్‌గా పెట్టు, కుదించకుండా వస్తాయి. లేదా సంక్రాంతికి వస్తావు కదా, పెన్‌డ్రైవ్‌లో వేసుకురా. ఎక్స్‌ఫ్యాట్‌లో.

ఉంటానురా,
నీ బెంచీవాడు