క్రెష్‌లో ఆయమ్మ నిలవాలి

సంపాదకులకు,

మా పాపకు పదో నెల. ప్రసూతి సెలవు అయిపోయినప్పటి నుంచి మా ఆఫీసు క్రెష్‌లోనే ఉంటోంది. మొన్న సోమవారం దింపడానికి వెళ్తే గుమ్మంలో కొత్త ఆయమ్మ. పాప నా చున్నీ అంచు పిడికిట్లో బిగించి, ఆమెను దాటి లోపలికి తొంగిచూసింది, పాతామె కోసం. కనిపించకపోయేసరికి గుక్కపట్టి ఏడ్చింది. నాలుగు నెలల్లో ఈమె మూడో మనిషి. ‘‘రెండ్రోజుల్లో అలవాటైపోతుందిలెండి మేడమ్’’ అన్నారు క్రెష్‌వాళ్లు. పాతామెకు వేరేచోట నెలకు వెయ్యి ఎక్కువ ఇస్తామన్నారట. ఆమె తప్పేం లేదు.

2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి చేసిన సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల సెలవు వచ్చింది. యాభై మంది, అంతకుమించి పనిచేసేచోట క్రెష్ తప్పనిసరైంది. సంతోషమే. కానీ ఆ సెలవు ముగిసేది సరిగ్గా బిడ్డ మనుషుల్ని ఎంచుకునే వయసులో. ఆరేడు నెలలు వచ్చాకే కదా, అప్పటిదాకా ఎవరెత్తుకున్నా నవ్విన పిల్లలు కొత్తవాళ్లను చూసి బెదిరేది!

బిడ్డకు అమ్మ ఒక్కతే ఉండాలని కాదు. (ఉద్యోగం మానేయమని సలహా ఇచ్చే పెద్దలు ఇది గమనించాలి.) స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో షాఫర్, ఎమర్సన్ అనే పరిశోధకులు 60 మంది పసిపిల్లల్ని ఇళ్లకు వెళ్లి గమనించి 1964లో రాశారు: ఏడాదిన్నర వచ్చేసరికి చాలామంది పిల్లలు నాన్నకో, నానమ్మకో, అమ్మతోపాటు ఇంకొకరికి దగ్గరయ్యారు. ఎక్కువసేపు దగ్గరున్నవాళ్లకన్నా, ఏడిస్తే వెంటనే పలికినవాళ్లకే ఎక్కువ అతుక్కుపోయారు. అంటే ఆయమ్మకీ ఆ చోటు దక్కుతుంది, ఆమె నిలిస్తే.

ఇక ఆ ‘అలవాటు’ సంగతి. బ్రిటన్ ఆసుపత్రుల్లో తల్లిదండ్రులను దూరంగా ఉంచిన రోజుల్లో, ఏడుపు ఆపిన పిల్లలు కుదురుకున్నారని నర్సులు అనుకునేవారు. అది కుదురుకోవడం కాదు, ఆశ వదులుకోవడమని జేమ్స్ రాబర్ట్‌సన్ అనే పరిశోధకుడు చూపించారు. సాయంత్రానికి ఇంటికొచ్చే మా పాప పరిస్థితి అంత కాదు. అయినా ఏడుపు ఆగిందంటే అంతా బాగుందని నమ్మలేకపోతున్నాను.

క్రెష్ తనిఖీకి వచ్చే అధికారులు ఆయమ్మ ఎన్ని నెలలుగా పనిచేస్తోందో, జీతమెంతో కూడా అడగాలి. మనిషి మారక తప్పకపోతే, పాతామె, కొత్తామె కనీసం ఒక వారం కలిసి పనిచేయాలని నిబంధన పెట్టాలి. ఆ వారం జీతం యాజమాన్యానికి పెద్ద భారమేం కాదు.

– ఒక ఉద్యోగిని, హైదరాబాద్