నర్తకి నోరు విప్పితే తప్పేంటి?

అయ్యా,

ఈమధ్య విజయవాడలో కొందరు కుర్రవాళ్లు నాట్యం చేస్తూ మధ్యమధ్యలో తమ సొంత మాటలు చెప్పే ప్రదర్శన ఒకటి ఇచ్చారు. అది చూసి బయటికొస్తూ చాలామంది, ‘ఇదేం డాన్సండీ, నాటకంలా మాట్లాడేస్తున్నారు, అంతా ఫారిన్ పోకడ’ అనేశారు. జర్మనీలో నృత్య దర్శకురాలు పీనా బౌష్ 1973లో వుప్పర్తాల్ ఊరి నాట్య బృందాన్ని చేపట్టాక నర్తకుల చేత స్టేజీ మీద మాట్లాడించింది, నిజమే. కానీ పక్కనే కూచిపూడిని పెట్టుకున్న మనం అనాల్సిన మాటేనా ఇది?

నాట్యశాస్త్రం చెప్పిన నాలుగు అభినయాల్లో వాచికం, అంటే మాటతో చేసే అభినయం, ఒకటి. కూచిపూడి నర్తకుడు వేదాంతం సత్యనారాయణ శర్మ గారికి అంత పేరు తెచ్చిన, భామాకలాపం నాటకంలోని సత్యభామ పాత్రే చూడండి. ఆడుతుంది, పాడుతుంది, చెలికత్తె మాధవితో వాదన పెట్టుకుంటుంది. మీ ఆయన పేరేంటో చెప్పమని మాధవి పట్టుబడితే, చెప్పాలంటే సిగ్గు, చెప్పకపోతే పని జరగదు! ఆ తటపటాయింపంతా సంభాషణలోనే పుడుతుంది, తల వంచడం, జడ పట్టుకుని మెలికలు తిరగడం దాని వెంటే వస్తాయి. ఆ సంభాషణ తీసేస్తే భామాకలాపంలో సగం ప్రాణం పోయినట్టే.

సోలో అంశాలు పెరిగాక వాచికం ఎలాగూ పలచబడింది, ఇప్పుడు చాలాచోట్ల ఉన్న కాస్తా పెన్‌డ్రైవ్‌లోకి వెళ్లిపోయింది. ముందు వరసలో కూర్చుంటే తెలుస్తుంది, స్పీకర్లో డైలాగ్ మొదలయ్యాక గానీ అమ్మాయి పెదవులు కదలవు, జనం చప్పట్లు కొడుతున్నా ట్రాక్ ఆగదు. దీన్ని సంప్రదాయం అంటున్నాం, సొంత గొంతుతో పలికిన పిల్లల్ని మాత్రం తప్పు పడుతున్నాం.

ఆ పిల్లల్లో లోపాలు లేవని కాదు. జోరుగా చక్కర్లు కొట్టి వెంటనే మాట్లాడబోతే ఊపిరి అందక వాక్యం చివర మింగేశారు, వెనక వరసలకు సరిగా వినబడలేదు. అది సాధనతో వచ్చేదే. అడుగులు నేర్పినంత శ్రద్ధగా, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఏ అడుగు దగ్గర ఆగి పలకాలో గురువులు నేర్పించాలి. ఘంటసాల సంగీత నృత్య కళాశాల లాంటి చోట కూచిపూడి పెద్దల్ని పిలిపించి, వాచికం మీదే వర్క్‌షాపులు పెట్టించాలి, అందులోకి ఇలాంటి కొత్త ప్రయోగాలు చేసేవాళ్లనీ రానివ్వాలి. సభలు నిర్వహించేవాళ్లు కనీసం ఒక మంచి కాలర్ మైకు ఇప్పించినా చాలు. మీ పత్రిక కూడా ఇలాంటి ప్రదర్శనలకు ఫొటో, నాలుగు లైన్లతో సరిపెట్టకుండా సమీక్ష రాయించండి, బాగోకపోతే బాగోలేదనే రాయించండి.

– ఒక కూచిపూడి అభిమాని, సత్యనారాయణపురం, విజయవాడ