పలాస జీడిపప్పు, బిసావు పిక్క: ఈసారి సరుకు, ధర

"ఇది అసలు పలాస పప్పేనా?" అని చాలామంది అడుగుతున్నారు. కొట్టింది పలాసలోనేనండి. పిక్క, అంటే పెంకుతో ఉన్న జీడిగింజ మాత్రం ఉద్దానానిది కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు ఇక్కడి తోటలు కూలక ముందు కూడా, స్థానిక పిక్క ఒక్కటే మిల్లులకు ఏడాది పొడవునా సరిపోయేది కాదు. ఇప్పుడు అమ్ముతున్న గుండు (విరగని పప్పు) పశ్చిమ ఆఫ్రికాలోని గినీ-బిసావు పిక్కది. పాకెట్ మీద ఆ మాట వేస్తున్నాం.

ఆ దేశ జనాభా సుమారు 20 లక్షలు. ఎగుమతి ఆదాయంలో 90 శాతం దాకా పచ్చి జీడిపిక్కే. కొనేవాళ్లలో భారత్, వియత్నాం ముఖ్యులు. రైతుకు ఇవ్వాల్సిన కనీస ధరను సీజన్ ముందు అక్కడి ప్రభుత్వమే ప్రకటిస్తుంది. 2018లో కిలోకు 1000 సీఎఫ్ఏ ఫ్రాంకులు (అక్కడి డబ్బు) అనేసరికి కొనుగోలుదారులు వెనక్కి తగ్గారు, సరుకు కదల్లేదు. అక్కడ ఆలస్యమంటే వానే, వానంటే తేమే. పిక్కలో తేమ 10 శాతం దాటితే నెలకు పైగా సాగే ఓడ ప్రయాణంలో కంటైనర్ పైకప్పుకు ఆవిరి పట్టి, చుక్కలుగా బస్తాల మీద పడుతుంది. పై వరసలో బూజు మొదలవుతుంది, పప్పు నల్లబడుతుంది. గోడలకు క్రాఫ్ట్ కాగితం వేసి, తేమ పీల్చే సంచులు వేలాడదీసినా, తడి పిక్క ఎక్కించాక అవి ఆదుకోవు.

బేరం కుదిరేది అవుట్‌టర్న్ మీద, అంటే 80 కిలోల బస్తాకు ఎన్ని పౌండ్ల పప్పు అన్నది. కిలో పిక్కలు కోస్తారు. మంచి పప్పు తూకానికి మచ్చ, ముడత పప్పు తూకంలో సగం కలిపి, వచ్చిన గ్రాములను 0.176తో గుణిస్తారు. 300 గ్రాములు వస్తే సుమారు 53 పౌండ్లు, అంటే 24 కిలోలు. 48 పౌండ్ల సరుకైతే 21.8 కిలోలే. ఇది పొట్టుతో ఉన్న లెక్క. ఆరబెట్టి పొట్టు తీశాక ఇంకా తగ్గుతుంది. బిసావు పిక్కకు పేరొచ్చింది ఈ అవుట్‌టర్న్ వల్లే, బస్తా ఖరీదు ఎక్కువైనా తీసుకునేదీ అందుకే.

పశ్చిమ ఆఫ్రికాలోనే ఉన్న బెనిన్ 2024 ఏప్రిల్ నుంచి పచ్చి పిక్క ఎగుమతి ఆపేసింది, మిల్లులు తమ దేశంలోనే నడవాలని. వాళ్ల వైపు నుంచి చూస్తే న్యాయమే, పెంకు కొట్టే కూలి డబ్బు ఇన్నాళ్లూ మనకే వచ్చింది. కానీ మన మిల్లులకు ఒక దారి మూసుకుపోయి, మిగిలిన దేశాల పిక్క మీద పోటీ పెరిగింది. ఐవరీ కోస్ట్, ఘనా పిక్కకు వెనుకబడిన దేశాలకు భారత్ ఇచ్చే దిగుమతి సుంకం మినహాయింపు లేదు. బిసావుకు ఉంది, అదీ సరుకు ఏ దేశానిదో చెప్పే మూల ధ్రువపత్రం సరిగ్గా ఉంటేనే. కాగితంలో తేడా వస్తే సరుకు రేవులోనే ఆగుతుంది, ఆ రేవు అద్దె పప్పు ధరలో కలుస్తుంది.

గ్రేడంటే పౌండుకు గరిష్ఠంగా ఎన్ని గుండ్లు తూగుతాయన్న సంఖ్య. దాని మీద అనుమానముంటే 100 గ్రాములు తూచి లెక్కపెట్టండి. 240 గ్రేడైతే 48 నుంచి 53 గుండ్లు, 320 అయితే 66 నుంచి 71 రావాలి. అంతకు మించితే పాకెట్ వెనక్కి తెండి. మచ్చ గుండును విడిగా, తక్కువ ధరకు ఇస్తున్నాం. పాకానికీ కూరకూ బాగుంటుంది, పులావు మీద అలంకరణకు తీసుకోవద్దు.