మా వార్డుకు కౌన్సిలర్ కావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

మా తెలంగాణలో 2020 జనవరి 22న మేం ఓట్లేసి ఎన్నుకున్న మున్సిపల్ పాలకవర్గానికి 2025 జనవరి చివర్లో గడువు తీరింది. అప్పటి నుంచి ప్రత్యేక అధికారి పాలనే నడుస్తోంది. ఇప్పుడు 2025 డిసెంబర్, వచ్చే నెలతో ఏడాది నిండుతుంది, మా వార్డుకు ఇంకా కౌన్సిలర్ లేరు.

మా పాత కౌన్సిలర్ మహిళ. సగం సీట్లు ఆడవాళ్లకు ఇచ్చినా పెత్తనం భర్తలదే అంటారు, చాలాచోట్ల అది నిజమే, కానీ ఈమె మాత్రం తనే వచ్చేవారు. ఒక వానాకాలం రాత్రి మోరీ పొంగి నీళ్లు ఇళ్లలోకి వచ్చినప్పుడు గొడుగు పట్టుకుని వచ్చి, పారిశుద్ధ్య జవానును పిలిపించి, పూడిక తీసేదాకా మా అరుగు మీదే కూర్చున్నారు. నాటిన మొక్కల్లో 85 శాతం బతక్కపోతే కౌన్సిలర్ పదవి పోతుందని 2019 మున్సిపల్ చట్టంలో ఉంది కదా, అందుకని ఎండాకాలం ట్యాంకర్ వెంట నడిచి మరీ నీళ్లు పోయించారు. ఆ మొక్కల్లో సగం ఈ వేసవిలో ఎండిపోయాయి.

ఈ ఏడు వానలకు అదే మోరీ మళ్లీ నిండింది. ఆఫీసుకు మూడుసార్లు తిరిగాను. మొదటిసారి దరఖాస్తు రాసివ్వమన్నారు, రెండోసారి సారు మీటింగ్‌లో ఉన్నారన్నారు, మూడోసారి నేనిచ్చిన కాగితమే కనబడలేదు. మా పక్కింటి పెద్దమ్మకు మోకాళ్ల నొప్పులు, మందులకు వెళ్లాలన్నా ఆ మురుగులోంచే నడవాలి, ఎక్కడ జారి పడుతుందోనని రోజూ టెన్షనే. చివరికి నాలుగిళ్ల వాళ్లం తలా 500 వేసుకుని మనుషుల్ని పెట్టి తీయించుకున్నాం. ఇంటి పన్ను మాత్రం కట్టాం, ఒక్క రూపాయి బాకీ లేదు.

నేను అధికారిని తప్పుపట్టడం లేదు. ఆయనకు ఊరంతా చూడాలి, వేరే బాధ్యతలూ ఉన్నాయి, మా గల్లీ ఎక్కడుందో ఆయనకెలా తెలుస్తుంది? ఏ గల్లీలో సీసీ రోడ్డు ముందు పడాలి, ఏ నల్లాకు నీళ్లు ఎక్కడం లేదు అని సమావేశంలో లేచి అడగాల్సిన మనిషి మాకు లేరు, మా బాధంతా అదే. గడువు తీరకముందే ఎన్నిక పూర్తవ్వాలని 74వ సవరణతో రాజ్యాంగంలోనే రాశారు. కేంద్ర ఆర్థిక సంఘం సిఫార్సుతో వచ్చే నిధులకు కూడా ఎన్నికైన పాలకవర్గం ఉండాలన్న షరతు ఉంది. ఇవన్నీ ప్రభుత్వానికి తెలియనివి కావు. వెంటనే ఎన్నికలు పెట్టాలి.

అలాగని పాత కౌన్సిలర్ విషయంలో నాకు అసంతృప్తి లేదని కాదు. అదే మున్సిపల్ చట్టం ప్రకారం యువత, మహిళలు, సీనియర్ సిటిజన్లు, ప్రముఖులు అని ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు, ఒక్కోదాంట్లో 15 మంది ఉండాలి. మహిళల కమిటీలో నా పేరు కూడా రాసుకున్నారు, ఐదేళ్లలో కూర్చోబెట్టింది రెండుసార్లే. వీధి దీపం లేక ట్యూషన్ నుంచి వచ్చే ఆడపిల్లలు ఎంత భయపడుతున్నారో ఆ కమిటీలో చెప్పాలనుకున్నాను, చెప్పే రోజే రాలేదు.

రేపు గెలిచేది ఏ పార్టీ వాళ్లైనా సరే, మొదటి నెలలోనే ఆ నాలుగు కమిటీలనూ పిలవండి. మా ఇంటి ముందు వేపచెట్టు కింద జాగా ఉంది, కుర్చీలు నేను వేయిస్తాను.

— ఒక గృహిణి, మూడో వార్డు