ప్రత్యామ్నాయ దినాల్లో నీళ్లు

సంపాదకుడికి,

అయ్యా,

పోయిన ఆదివారం మీ బెంగళూరు పేజీల్లో 'మీ పిల్లల ఇంగ్లిష్ మీకు అర్థమవుతోందా?' అంటూ, కుర్రాళ్ల ఇంగ్లిష్ మాటలకు తెలుగు అర్థాలిస్తూ వేసిన పెట్టె (బాక్స్) గురించి ఈ ఉత్తరం. సవరణ వేస్తారేమోనని నాలుగు రోజులు చూశాను. వేయలేదు. పైగా గురువారం నీటి సరఫరా వార్త చదివాక ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

ముందు ఆ పెట్టె సంగతి. 'గోట్' అంటే మేక, ఆటగాణ్ని కుర్రాళ్లు వెక్కిరించే మాట అని రాశారు. అది మేక కాదు. 'గ్రేటెస్ట్ ఆఫ్ ఆల్ టైమ్'లోని మొదటి అక్షరాలు కలిపిన మాట. వెక్కిరింత కాదు, దండం. 'సిక్' అంటే ఒంట్లో బాగాలేదట. కొత్త బైకును చూసి కుర్రాడు 'సిక్' అన్నాడంటే అదిరిందని అర్థం. మనం 'చించేశాడు', 'ఇరగదీశాడు' అన్నప్పుడు చిరిగిన గుడ్డ ఎక్కడా అని ఎవరూ వెతకరు కదా! తిట్టులా కనపడే మాటతో మెచ్చుకోవడం మనకు కొత్తేమీ కాదు. 'సాల్టీ' అంటే ఉడుక్కున్నవాడు. 'ఘోస్ట్ చేయడం' అంటే చెప్పాపెట్టకుండా జవాబులివ్వడం మానేయడం, మీరు రాసినట్టు దయ్యంలా భయపెట్టడం కాదు.

వీటన్నిటికంటే ప్రాణం ఉసూరుమనిపించింది 'నో క్యాప్'. 'టోపీ వద్దు' అని వేశారు. ఆ వాడుకలో క్యాప్ అంటే అబద్ధం, నో క్యాప్ అంటే ఒట్టు, నిజంగా. తెలుగులో టోపీ పెట్టడమంటే మోసం చేయడమేనాయె! 'టోపీ పెట్టడం లేదు' అని రాసుంటే మాటకు మాటా, నుడికారానికి నుడికారమూ సరిపోయేవి. నోటిదాకా వచ్చిన ముద్దను నేలపాలు చేశారు.

ఇలా ఎందుకు జరుగుతుందో చెప్తాను. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు అర్థాలను వాడుక బట్టి కాక చరిత్ర బట్టి పేరుస్తుంది. పాతది పైన, కొత్తది కింద. డెస్కులో తొందరలో ఉన్నవాడు ఒకటో నంబరు అర్థం తీసుకున్నాడంటే వందల ఏళ్ల నాటి సరుకు ఎత్తుకొచ్చినట్టే. విద్యార్థుల కోసం వేసే నిఘంటువుల్లో ఎక్కువగా వాడే అర్థం ముందుంటుంది, పక్కనే 'స్లాంగ్', 'బ్రిటిష్', 'అమెరికన్' అని గుర్తులూ ఉంటాయి. అనువాదకుడికి కావలసింది ఆ గుర్తు. ఇక 1850ల నాటి బ్రౌన్ దొర నిఘంటువు మహత్తరమైనదే గానీ, ఫోన్లో పిల్లలు కొట్టుకునే మెసేజీలకు ఆయన బాధ్యుడు కాడు.

చిన్న మాటలే ఎక్కువ ముంచుతాయి. 1989 ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో 'సెట్' అనే మాటకు 430 అర్థాలు, వాటి వివరణకే 60,000 మాటలు. తర్వాత 'రన్' దాన్ని దాటేసింది. 2011లో లెక్క చెప్పినప్పుడు క్రియగానే దానికి 645 అర్థాలు తేలాయి. మన ఊళ్లో పొద్దున్నే తినే సెట్ దోశ ఆ 430లో ఉందో లేదో గానీ, 'పెళ్లి సెట్ అయింది', 'సినిమా సెట్ వేశారు', 'నగల సెట్' అని మనమే రోజూ మూడు నాలుగు వాడేస్తుంటాం.

తెలుగు లిపిలోకి రాగానే చిక్కు రెట్టింపవుతుంది. 'సైట్' చూడండి. బెంగళూరులో సైట్ అంటే ముప్పై బై నలభై అడుగుల ఇంటి స్థలం, హైదరాబాద్ వాళ్లు ప్లాట్ అనేది. కళ్లకు సైట్ వచ్చిందంటే అద్దాలు కావాలని. కుర్రాడు సైట్ కొడుతున్నాడంటే బస్టాపు దగ్గర నిలబడ్డాడని. కంప్యూటర్లో సైట్ వేరే. ఇంగ్లిష్‌లో ఇవి రెండు వేర్వేరు స్పెల్లింగులు, మన దగ్గర ఒక్కటే. అలాంటప్పుడు మీ రియల్ ఎస్టేట్ పేజీలో 'సైట్ చూసుకునేటప్పుడు జాగ్రత్త' అని శీర్షిక పెడితే నవ్వాలా, ఏడవాలా?

కుర్రాళ్ల మాటలు పోతే పోనీయండి. వార్తల పేజీల్లో తప్పు జరిగితే అర్థం తలకిందులవుతుంది. 'టేబుల్ చేయడం' బ్రిటన్‌లో, మన పార్లమెంటులో సభ ముందు పెట్టడం. అమెరికా కాంగ్రెస్‌లో అదే మాటకు పక్కన పడేయడమని అర్థం. అక్కడ అటకెక్కిన బిల్లును మీరు 'ప్రవేశపెట్టారు' అని రాస్తున్నారు. 'శాంక్షన్' ఒకచోట మంజూరు, మరొకచోట ఆంక్ష. 'ఓవర్‌సైట్ కమిటీ' పర్యవేక్షణ సంఘం, అంతేగానీ పొరపాట్ల సంఘం కాదు (మన దగ్గర రెండూ ఒకటే అంటారా, అది వేరే సంగతి). అమెరికాలో ఫస్ట్ ఫ్లోర్ అంటే మన గ్రౌండ్ ఫ్లోర్. అక్కడి సబ్‌వే భూగర్భ రైలు, మనకు రోడ్డు కింద నడిచే దారి.

చేయవలసిన పని పెద్దదేమీ కాదు. మాట అన్నది ఎవరు, ఏ దేశం, ఏ వయసు అని ముందు చూడాలి. నామవాచకమా, క్రియా అన్నది తేల్చుకోవాలి. వెనక ఏ చిన్న మాట అంటుకుందో గమనించాలి. 'పుటప్' వేరు, ఓర్చుకోవడమనే 'పుటప్ విత్' వేరు. చివరగా, రాసిన తెలుగు వాక్యాన్ని ఒక్కసారి పైకి చదవాలి. 'టోపీ వద్దు' అని పైకి చదివినవాడు దాన్ని అచ్చుకు పంపడు.

ఆఫీసుల భాష మరో రోగం. ఇక్కడి కాలేజీ పిల్లలు '2022లో పాసవుట్ అయ్యాను' అని అర్జీలో రాస్తే, విదేశంలో చదివినవాడు స్పృహ తప్పి పడిపోయాడనుకుంటాడు. దాన్ని మన దేశవాడుక అని ఒప్పుకోవచ్చు. 'అయ్యో'కే 2016లో ఆక్స్‌ఫర్డ్ చోటిచ్చింది కదా. కానీ అధికారుల 'రివర్ట్' మాత్రం ఒప్పుకోలేను. 'విల్ రివర్ట్' అంటే జవాబిస్తామని వాళ్ల ఉద్దేశం. అసలు అర్థం పూర్వస్థితికి తిరిగిపోవడం. పైపుల కోసం తవ్వి పూడ్చిన గుంతల విషయంలో ఆ అసలు అర్థాన్నే వాళ్లు తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు, మొదటి వానకే గుంత మళ్లీ గుంతవుతోంది. జవాబు మాత్రం రాదు. ఫైలు 'పుటప్' చేశామంటారు, 'అండర్ ప్రాసెస్' అంటారు, 'నీడ్‌ఫుల్' (చేయాల్సిన పని) చేస్తామంటారు. ఆ నీడ్‌ఫుల్ ఏమిటో, ఎవరు చేస్తారో ఆ కాగితం మీద ఎక్కడా ఉండదు.

ఇక గురువారం వార్త. 'ఆల్టర్నేట్ డేస్' అన్న ప్రకటనను 'ప్రత్యామ్నాయ దినాల్లో నీటి సరఫరా' అని వేశారు. రోజు విడిచి రోజు అనడానికి ఏమొచ్చింది? ప్రత్యామ్నాయ దినం అంటే సోమవారానికి బదులు ఏ వారం? సంపు నింపుకోవాల్సినవాళ్లు, ట్యాంకరుకు ఫోన్ చేయాల్సినవాళ్లు మీ పత్రికనే చూసుకుంటారు. పెట్టెకు సవరణ వేసినా వేయకపోయినా, నీళ్లు వచ్చేది ఏ రోజు నుంచి లెక్కో రేపటి సంచికలో తేదీ వేసి రాయించండి.

— ఒక పాఠకుడు, జయనగర్, బెంగళూరు