వృద్ధాశ్రమం అన్నావుగా, విను

సన్నీవేల్,
20 జులై 2025

ఒరేయ్ మామా,

మా శాన్ హోసే ఐస్ హాకీ జట్టు షార్క్స్ ఈ వేసవిలో వయసు మళ్ళిన ఆటగాళ్ళని వరసగా తెచ్చుకుందని, "మీ షార్క్స్ వాళ్ళు వృద్ధాశ్రమం పెట్టారా?" అని మెసేజ్ కొట్టి, పక్కన నాలుగు నవ్వు బొమ్మలు పెట్టి నువ్వు హాయిగా పడుకున్నావు. నాకు నిద్ర పట్టలేదు. ఫోన్‌లో నాలుగు ముక్కల్లో తేలే సంగతి కాదు కాబట్టి, ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో అందరూ కునుకు తీస్తుంటే కూర్చుని రాస్తున్నాను. ఓపిక లేకపోతే సగం ఇవాళ చదువు, సగం రేపు చదువు.

వయసుల లెక్క ముందు నేనే ఒప్పేసుకుంటాను. కొత్తగా వచ్చినవాళ్ళలో ఓర్లోవ్‌కి ఈ వారంలో 34 నిండుతాయి. స్కిన్నర్‌కి 33. క్లింగ్‌బర్గ్‌కి వచ్చే నెలలో 33. లెడ్డీకి 34, 2013లో మీ చికాగో జట్టు లీగ్ విజేతగా స్టాన్లీ కప్పు గెలిచినప్పుడు ఆ జట్టులో ఉన్నవాడే కదా. ఇక టొరంటో నుంచి తెచ్చుకున్న రీవ్స్‌కి 38. మా ఆశలన్నీ పెట్టుకున్న కుర్రాడు సెలెబ్రినీకి పోయిన నెలలో 19 నిండాయి, అంటే రీవ్స్ వయసులో సరిగ్గా సగం. నవ్వుకో.

నవ్వడం అయ్యాక పోయిన సీజన్ గుర్తు తెచ్చుకో. సెలెబ్రినీ 70 ఆటలాడి 25 గోల్స్, 38 అసిస్ట్‌లు (గోల్‌కి దారితీసిన పాస్‌లు) చేశాడు. జట్టు మాత్రం 82 ఆటల్లో 20 గెలిచి లీగ్‌లో అట్టడుగున కూర్చుంది, అదీ వరసగా రెండో ఏడు. వాడి మొట్టమొదటి మ్యాచ్ సెయింట్ లూయిస్‌తో. ఏడు నిమిషాలకే గోల్ కొట్టాడు, ఇంకోటి కొట్టించాడు. మా అబ్బాయి సోఫా మీద గంతులేశాడు. 4-1తో ముందున్నాం. అక్కడినుంచి ఒక్కొక్కటే ఇచ్చుకుంటూ పోయి ఓవర్‌టైంలో 5-4తో ఓడాం. తర్వాత తెలిసింది, సెలెబ్రినీ తుంటికి దెబ్బ తగిలిందని, ఆపైన 12 ఆటలు లేడు. సీజన్ మొత్తం ఆ ఒక్క రాత్రిలోనే కనిపించింది నాకు. ముందు గోల్స్ కొట్టేవాళ్ళున్నారు, టోఫోలీ 30 కొట్టాడు. వెనకాల పక్ (హాకీ బిళ్ళ) అందుకుని, కంగారు పడకుండా ముందుకు అందించేవాడే లేడు. సెలెబ్రినీ తనే మా గోల్ దాకా వెనక్కి వచ్చి, పక్ తీసుకుని, మళ్ళీ ముందుకు పరిగెత్తాలి. వండేదీ వాడే, వడ్డించేదీ వాడే, చివరికి విస్తళ్ళు ఎత్తేదీ వాడే.

అందుకే మా జట్టు జనరల్ మేనేజర్ గ్రియర్ ఓర్లోవ్‌ని తెచ్చాడు. వాషింగ్టన్‌తో 2018లో కప్పు గెలిచినవాడు, మొన్నటిదాకా కరొలైనాలో ఆడినవాడు. ఏడాదికి 6.5 మిలియన్ డాలర్లు ఎక్కువే, కాదనను. కానీ ఎన్నేళ్ళకి? రెండే. క్లింగ్‌బర్గ్ ఒక్క ఏడాదికి 4 మిలియన్లు, స్కిన్నర్ ఒక్క ఏడాదికి 3. లెడ్డీ, రీవ్స్ పాత కాంట్రాక్టుల్లోనూ మిగిలింది ఒక్కో ఏడాదే. నువ్వు చూడాల్సింది వాళ్ళ వయసు కాదురా, వాళ్ళు వెళ్ళిపోయే తేదీ.

ఇది నాకంటే బాగా మా నాన్నకి అర్థమైంది. ఏప్రిల్ నుంచి ఆయన ఇక్కడే ఉన్నారు, తెలుసుగా. మనవడి పక్కన కూర్చుని పాత మ్యాచ్‌లు చూస్తూ, "పక్ ఎక్కడుందో కనపడదు కానీ కొట్టుకోవడం బాగుంది" అంటుంటారు. కొత్తగా వచ్చినవాళ్ళ గురించి మేం మాట్లాడుకుంటుంటే, "కుర్రాడి చుట్టూ ముసలాళ్ళెందుకురా?" అని నీలాగే అడిగారు. చెప్పాను. కాసేపు ఆలోచించి, "ఒక్కొక్కళ్ళని ఎన్నేళ్ళకి తెచ్చారు?" అన్నారు. ఏడాది, మహా అయితే రెండేళ్ళు అన్నాను.

"అయితే మినుమేలే" అన్నారు.

నూజివీడులో మా రసాల తోట నువ్వు చూశావు. మొక్కలు నాటిన మొదటి నాలుగైదేళ్ళు వరసల మధ్య నేల ఊరికే వదలకుండా మినుమో, వేరుశనగో వేసేవారు. ఖర్చులకి నాలుగు డబ్బులొస్తాయి, కలుపు తగ్గుతుంది, నేలా బాగుంటుంది. కొమ్మలు చాచుకునే సమయానికి ఆపేస్తారు. అంతేగానీ లేత మామిడి మధ్య చెరకు వేసి, నీళ్ళూ సత్తువా దానికి ధారపోసేవాడు ఉండడు. పక్ ఎక్కడుందో కనపడని మనిషి, ఒక్క మాటలో తేల్చేశాడు. మావాడు ఆ రోజునుంచి ఓర్లోవ్‌ని "మినుము తాత" అంటున్నాడు.

ఇప్పుడు నీ చెరకు సంగతి, అంటే మీవాళ్ళు ఏళ్ళ తరబడి రాసిచ్చిన కాంట్రాక్టులు. మీ కుర్ర స్టార్ బెడార్డ్ వచ్చిన మరుసటి వేసవిలో మీరు బెర్టుజ్జీకి నాలుగేళ్ళు, టెరావైనెన్‌కి మూడేళ్ళు రాసిచ్చారు. బెడార్డ్ మొదటి ఏడు 68 ఆటల్లో 61 పాయింట్లు (గోల్స్, అసిస్ట్‌లు కలిపి), రెండో ఏడు 82 ఆటల్లో 67. పెరిగాడంటావా, ఆగాడంటావా? తప్పు పిల్లాడిది కాదు. అయితే నిజం చెప్పాలంటే నా వాదనలో కూడా ఒక బొక్క ఉంది, నువ్వు ఎలాగూ పట్టుకుంటావు కాబట్టి నేనే చెప్పేస్తాను. మీవాళ్ళు కూడా అదే వేసవిలో మార్టినెజ్‌ని, బ్రోడీని తెచ్చారు. వాళ్ళూ పెద్దవాళ్ళే, వాళ్ళూ డిఫెన్సే. అయినా మీరు కింద నుంచి రెండో స్థానమే. బ్రోడీకి డబ్బిచ్చి మరీ పంపించేశారు. కాబట్టి మినుము వేస్తే చాలు, మామిడి కాస్తుంది అనడం లేదు నేను. ఓర్లోవ్ ఇంకా ఆడగలడు అన్న నమ్మకం మీదే నా బేరం అంతా నడుస్తోంది. వాడు కుంటుపడితే నీ నవ్వు బొమ్మలు ఎనిమిది చేసి పంపు.

కానీ నాకూ ఒక కడుపుమంట ఉంది. జూన్‌లో న్యూయార్క్ ఐలాండర్స్ నుంచి డాబ్సన్ బయటికి వచ్చాడు. 25 ఏళ్ళు, కుడివైపు షాట్ కొట్టే డిఫెన్స్‌మన్, అచ్చం మాకు లేని సరుకు. మాంట్రియల్ రెండు మొదటి రౌండ్ పిక్‌లు (డ్రాఫ్ట్‌లో కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే హక్కులు), ఇంకో ఆటగాణ్ణి ఇచ్చి తీసుకుపోయింది. ఎనిమిదేళ్ళకి ఏడాదికి 9.5 మిలియన్లు. మా దగ్గర కుర్ర ఆటగాళ్ళున్నారు, పిక్‌లున్నాయి, శాలరీ క్యాప్‌లో (జట్టు మొత్తం జీతాల పరిమితిలో) చోటు బోలెడు. ఇక్కడ కదరా డబ్బు ధారపోయాల్సింది! ఇది మినుము కాదు, పక్క వరసలో నాటాల్సిన ఇంకో మామిడి మొక్క. మా ఆవిడేమో, "అడుగున ఉన్న జట్టుకి ఎనిమిదేళ్ళు సంతకం పెట్టడానికి వాడికేం కర్మ? అప్పులున్న ఇంటికి పిల్లనిస్తారా?" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

ముందు ముందు లెక్కలు మాత్రం బాగున్నాయి. శాలరీ క్యాప్ ఈ ఏడు 95.5 మిలియన్లు, వచ్చే ఏడు 104, ఆ పై ఏడు 113.5. సెలెబ్రినీ మూల జీతం ఇంకో రెండేళ్ళు మిలియన్ లోపే. కొత్త కాంట్రాక్టు మీద వచ్చే జులై 1 నుంచి సంతకం చేయించుకోవచ్చు. లీగ్‌కీ ఆటగాళ్ళ సంఘానికీ మధ్య కొత్త ఒప్పందం 2026 సెప్టెంబరులో అమలైతే సొంత ఆటగాళ్ళకి ఎనిమిదేళ్ళ బదులు ఏడేళ్ళే గరిష్టం. అంటే ఎనిమిదేళ్ళు కట్టెయ్యాలంటే గ్రియర్ చేతిలో ఆ రెండున్నర నెలలే. నాకు ఇప్పటినుంచే టెన్షన్. ఆ డబ్బు కోసం అప్పటికి జీతాల పట్టీ ఖాళీగా ఉండాలి. 19 సీజన్లు మాకే ఆడిన వ్లాసిక్‌ని కూడా మొన్న మీ బ్రోడీలాగే డబ్బిచ్చి పంపించేశారంటే చూడు. మనసుకి కష్టమేసింది కానీ, తప్పదు.

మంచి ముక్క ఒకటి. సెలెబ్రినీ మొదటి సీజన్ అంతా మా పాత స్టార్ జో థార్న్‌టన్ ఇంట్లో, ఆయన పిల్లలతో కలిసి ఉన్నాడు. పిట్స్‌బర్గ్ స్టార్ క్రాస్బీ కుర్రతనంలో, అక్కడి పాత స్టార్ లెమ్యూ ఇంట్లో ఉన్నట్టన్నమాట. మన ఊళ్ళో చదువుకోవడానికి పట్నం పంపేటప్పుడు మేనమామ ఇంట్లో పెట్టేవాళ్ళు చూడు, అలా. తండ్రి కూడా దగ్గరే, వారియర్స్ బాస్కెట్‌బాల్ జట్టులో ఆటగాళ్ళ ఆరోగ్యం చూసే పెద్దాయన. ఇప్పుడు డ్రాఫ్ట్‌లో రెండో పిక్‌తో మీసా వచ్చాడు, పోయిన సీజన్ జూనియర్స్‌లో 65 ఆటల్లో 134 పాయింట్లు. కుర్రాళ్ళలో స్మిత్, ఎక్లండ్ ఎలాగూ ఉన్నారు. మీకూ నజార్, ఫ్రాండెల్ ఉన్నారులే, మొహం అలా పెట్టకు. పైగా మీ కురాషెవ్‌ని కూడా మేమే తెచ్చుకున్నాం.

స్కిన్నర్ అంటే మాత్రం నాకు ఊరికే ఇష్టం. 1,078 ఆటలు ఆడాక గానీ ప్లేఆఫ్స్ (కప్పు కోసం ఆడే చివరి దశ) మొహం చూడలేదు, లీగ్ చరిత్రలో అంతసేపు ఆగినవాడు ఇంకొకడు లేడు. మావాడు గిట్టని సబ్జెక్టు చదవనని మొరాయించినప్పుడల్లా ఈ కథే చెప్తున్నాను. ఇంకా పని చేయలేదు.

పందెం ఇది: ఈసారి మేం మీకంటే పైన ఉంటాం. ఓడితే నేను నేపర్‌విల్ వచ్చి మీ ఇంట్లో గోంగూర మటన్ వండుతాను. గెలిస్తే నువ్వు ఇక్కడికొచ్చి సెలెబ్రినీ 71 నంబర్ జెర్సీ వేసుకుని మా నాన్న పక్కన మ్యాచ్ చూడాలి. ఆయన వీసా అక్టోబర్ దాకానే, కాబట్టి ఓడేది నువ్వే అయినా ముందే రా. మీ ఆవిడ పెట్టిన మాగాయ సీసా ఒకటి సూట్‌కేస్‌లో పడెయ్, పోయినసారిది అయిపోయింది.

నీ
శీను