ఎన్నేళ్లీ కాంట్రాక్టు?

సంపాదకులకు నమస్కారం. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు వైరస్‌ను అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇవ్వడం 2004లో మొదలుపెట్టింది. ఇన్నేళ్లయినా ఆ మందులిచ్చే సెంటర్లలో పనిచేసే కౌన్సెలర్లు, ల్యాబ్ టెక్నీషియన్లు చాలామంది కాంట్రాక్టు మీదే నెట్టుకొస్తున్నారు. వాళ్ల పనేంటో బయటివాళ్లకు తెలియదు. ములుగు నుంచో భూపాలపల్లి నుంచో పొద్దున్నే బస్సెక్కి వరంగల్ వచ్చిన మనిషి, మందు డబ్బా గలగలమంటే అత్తగారు అడుగుతుందని మాత్రలు కాగితంలో చుట్టుకుంటానంటుంది. అలా చేస్తే తేమకు పాడవుతాయని చెప్పి, డబ్బాలో కొంచెం దూది కుక్కి, ఆమె టెన్షన్ తగ్గేదాకా కూర్చోబెట్టి మాట్లాడేది కౌన్సెలరే. రోజూ మాత్ర వేసుకుంటూ వైరల్ లోడ్ పరీక్షలో (రక్తంలో వైరస్ ఎంతుందో చూసేది) వైరస్ కనిపించని స్థాయికి వచ్చి అలాగే కొనసాగితే లైంగికంగా ఇతరులకు సోకదని, పిల్లల్ని కనొచ్చని ధైర్యం చెప్పేదీ వాళ్లే. ఇది ఎవరు పడితే వాళ్లు చేసే పని కాదు, అనుభవం కావాలి.

మా బంధువుల అమ్మాయి ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదివి ఇష్టంగా ఈ పనిలో చేరింది. జీతం సరిపోక, అదీ సమయానికి రాక, చివరికి మానేసింది. పేషెంట్లు మాత్రం తమ కథంతా కొత్త మనిషికి మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాల్సి వచ్చింది. పేషెంట్ వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం చెబుతోంది. ఆ బాధ్యత మోసేవాళ్లను పర్మినెంట్ చేయాలి, కనీసం నెలనెలా జీతమైనా ఇవ్వాలి.

— ఒక పాఠకురాలు, హనుమకొండ